ఓఎస్ మార్చాక యూఎస్‌బీ మైకు, హెడ్‌సెట్ పలకట్లేదా? కొత్తది కొనేముందు ఇవి చూడండి

ముందే చెప్తున్నా, ఇది చదవడం అయ్యేదాకా కొత్త హెడ్‌సెట్ ఆర్డర్ పెట్టొద్దు, ఫార్మాట్ కొట్టిద్దామని సీపీయూ బండి మీద పెట్టుకుని షాపుకి అసలే వెళ్లొద్దు. నిన్నటిదాకా పనిచేసిన యూఎస్‌బీ మైకు ఓఎస్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) అప్‌గ్రేడ్ చేసిన రోజే చచ్చిపోవడం అనేది చాలా అరుదు. అద్దె ఇల్లు మారిన రోజు సామానంతా వచ్చేస్తుంది గానీ గరిటె ఏ అట్టపెట్టెలో ఉందో తెలీక అన్నం ముందు పెట్టుకుని కూర్చుంటాం చూడండి, ఇదీ అంతే, వస్తువు ఉంది, ఎక్కడ పెట్టారో మనకి తెలీదు.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కదా, అప్పటినుంచి మా చుట్టాల్లో, మా బ్రాడీపేట లైన్లో ఎవరు 11కి మారినా రెండో రోజు నాకు ఫోన్ వస్తుంది. నేనేమీ సర్వీస్ ఇంజనీర్‌ని కాదు, మా నాన్న ఎప్పుడో టేప్ చేసి దాచుకున్న పద్య నాటకాల క్యాసెట్లు రెండు సూట్‌కేసుల నిండా ఉంటే వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే పని పెట్టుకున్నా, దానికోసం ఒక చిన్న యూఎస్‌బీ సౌండ్ డబ్బా, ఒక మైకు, ఒక హెడ్‌ఫోన్ వాడతా, వీటితో తలపట్టుకున్న అనుభవం బాగా ఉంది, అంతే.

మొన్న పటమట నుంచి మా మేనల్లుడు చేశాడు. వాడు పిల్లలకి ఆన్‌లైన్లో లెక్కలు చెప్తాడు.

"మావయ్యా, విండోస్ 11 వేశాక హెడ్‌సెట్ పోయింది, సౌండూ లేదు, మైకూ లేదు. గవర్నర్‌పేటలో షాపతన్ని అడిగితే దీనికి ఇది సెట్ అవ్వదు, కొత్తది తీసుకోండి అన్నాడు."

"నువ్వేం చూశావురా ముందు?"

"అన్నీ చూశాను మావయ్యా."

"అన్నీ అంటే?"

"అంటే... తీసి పెట్టాను."

వాడికి ఫోన్లో చెప్పిన వరసలోనే ఇక్కడా రాస్తున్నా, ఖర్చు లేనివి ముందు, చెయ్యి కాలేవి చివర.

మొట్టమొదట రీస్టార్ట్ కొట్టండి. నవ్వొద్దు, షట్‌డౌన్ వేరు రీస్టార్ట్ వేరు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే మీరు షట్‌డౌన్ చేసినా లోపలి కెర్నల్ (విండోస్ గుండెకాయ), డ్రైవర్ల (ఒక్కో వస్తువుని విండోస్‌తో మాట్లాడించే చిన్న సాఫ్ట్‌వేర్ల) పరిస్థితి అంతా డిస్క్ మీద రాసిపెట్టుకుని పొద్దున మళ్లీ అదే తెచ్చుకుంటుంది, అంటే నిన్నటి గోల ఈరోజుకి అలాగే వస్తుంది. రీస్టార్ట్ కొడితేనే మొదట్నుంచి లేస్తుంది. అప్‌గ్రేడ్ అయిన కొత్తలో సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌కి కూడా ఒకసారి వెళ్లి ఏమన్నా పెండింగ్ ఉన్నాయేమో చూసి, అవి దిగాక ఇంకోసారి రీస్టార్ట్ చేయండి, చాలా డ్రైవర్లు ఆ రెండో విడతలో వస్తాయి.

తర్వాత తేల్చుకోవాల్సింది ఒక్కటే, కంప్యూటర్‌కి అసలు ఆ వస్తువు కనపడుతోందా లేదా. స్పీకర్లో సౌండ్ వస్తుంటే యూఎస్‌బీ వైరు తీసి పెట్టినప్పుడు టిడింగ్ అని చిన్న శబ్దం వస్తుంది. వచ్చిందంటే కనీసం ఏదో గుచ్చారని దానికి తెలిసింది. రాకపోతే పోర్టు, వైరు, హబ్బు (ఒక పోర్టుని నాలుగు చేసే డబ్బా) వైపు చూడాలి. ఇది తేల్చుకోకుండా డ్రైవర్లు వెతకడం మొదలుపెడితే రాత్రి రెండవుతుంది.

శబ్దం వస్తోందా, అయితే పది మందిలో ఎక్కువమందికి పని ఇక్కడే అయిపోతుంది. సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్. పైన అవుట్‌పుట్ అని, కింద ఇన్‌పుట్ అని రెండు లిస్టులు ఉంటాయి. అప్‌గ్రేడ్ అయ్యాక విండోస్ ఉన్న ఆడియో వస్తువులన్నిటినీ కొత్తగా లెక్కేసుకుని తనకి తోచినదాన్ని ముందు పెడుతుంది. మా వాడి విషయంలో హెచ్‌డీఎంఐ వైరుతో పెట్టిన మానిటర్‌ని అవుట్‌పుట్‌గా పెట్టేసుకుంది, ఆ మానిటర్‌కి స్పీకర్లే లేవు, ఇంక సౌండ్ ఎక్కడ్నుంచి వస్తుంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు వాడు హెడ్‌సెట్ పట్టుకుని బెజవాడంతా తిరిగాడు. లిస్టులో హెడ్‌సెట్ పేరు మీద నొక్కగానే ఫోన్లో నాకే వినపడింది వాడి యూట్యూబ్.

ఇక్కడ పేరు దగ్గర ఒక తిరకాసు ఉంది. అదే హెడ్‌సెట్‌ని వేరే పోర్టులో పెడితే విండోస్ చాలాసార్లు దాన్ని కొత్త వస్తువు అనుకుని పేరు ముందు 2 అని, ఇంకో పోర్టులో పెడితే 3 అని తగిలిస్తుంది. చౌక హెడ్‌సెట్లకి లోపల సీరియల్ నంబర్ ఉండదు, అందుకని పోర్టుని బట్టే గుర్తుపడుతుంది, సెట్టింగ్స్ కూడా పోర్టుకి ఒక సెట్టు చొప్పున దాచుకుంటుంది. అందుకే నేను ఏ వైరు ఏ పోర్టులో ఉండాలో తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి రాసుకున్నా, మా ఆవిడ ఇల్లు ఊడ్చేటప్పుడు వైర్లు పీకినా తిరిగి అక్కడే పెడుతుంది.

విండోస్‌లో మార్చినంత మాత్రాన అయిపోదు, జూమ్‌కి దాని లిస్టు వేరే ఉంటుంది, వీడియో రికార్డ్ చేసే ఓబీఎస్‌కి వేరే, సౌండ్ రికార్డ్ చేసే ఆడాసిటీకి వేరే. మీరు వాడే సాఫ్ట్‌వేర్‌లో కూడా ఆడియో సెట్టింగ్స్‌కి వెళ్లి మైకు ఏది, స్పీకర్ ఏది అని చేత్తో ఎంచుకోవాలి. ఆడాసిటీ తెరిచి ఉండగా వైరు పెడితే దానికి తెలీదు, ఆడియో సెటప్‌లో రీస్కాన్ ఆడియో డివైసెస్ అని ఉంటుంది, అది నొక్కాలి, లేదా మూసి తెరవాలి. సౌండ్ పేజీలోనే వాల్యూమ్ మిక్సర్ అని ఉంటుంది చూడండి, అందులో ఒక్కో సాఫ్ట్‌వేర్‌కి ఒక్కో అవుట్‌పుట్ పెట్టుకోవచ్చు, అన్నీ కలగాపులగం అయిపోయాయి అనిపిస్తే కింద రీసెట్ బటన్ ఉంది, నొక్కేయండి.

నా బాగోతం కూడా చెప్పాలి కదా. నేను ఓఎస్ మార్చిన వారం, ఒక క్యాసెట్ పెట్టి రికార్డింగ్ ఆన్ చేసి స్క్రీన్ మీద పచ్చ గీతలు ఊగుతున్నాయి కదా అని లేచి వెళ్లిపోయా. ఒక సైడు పూర్తిగా ఎక్కింది. సాయంత్రం వింటే ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు పద్యం, దానిమీద ఫ్యాను గాలి, రాగం తారస్థాయికి వెళ్లే చోట కరెక్ట్‌గా కుక్కర్ మూడు విజిల్స్. ఇన్‌పుట్ వెబ్‌క్యామ్‌లో ఉండే మైకుకి మారిపోయి ఉంది, అది గదిలో టేప్‌రికార్డర్ స్పీకర్లో వచ్చేదాన్ని పట్టింది. గీతలు ఊగితే చాలదండీ, ఏది ఊగిస్తోందో చూడాలి. మైకు మీద గోటితో టకటక కొట్టండి, గీత గట్టిగా లేస్తే అదే మైకు, లేవకపోతే వేరేది వింటోంది. నాది పూర్తిగా నా నిర్లక్ష్యం, అర నిమిషం టెస్ట్ చేస్తే పోయేదానికి గంట పోయింది.

ఇన్‌పుట్ సరిగ్గా ఎంచుకున్నా మైకు మూగగా ఉంటే ప్రైవసీ అనుమతులు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో మైక్రోఫోన్. అక్కడ స్విచ్‌లు మూడు రకాలు, మొత్తం సిస్టమ్‌కి మైకు వాడొచ్చా, యాప్స్ వాడొచ్చా, కింద ఎక్కడో డెస్క్‌టాప్ యాప్స్ వాడొచ్చా. ఈ మూడోదే అందరూ మర్చిపోయేది, ఎందుకంటే స్టోర్ నుంచి దించినవి పై లిస్టులో ఒక్కొక్కటిగా పేర్లతో కనపడతాయి, మనం సైట్ల నుంచి దించుకున్న ఆడాసిటీ, ఓబీఎస్ లాంటివన్నీ ఈ ఒక్క స్విచ్ కిందకి వస్తాయి. అది ఆఫ్‌లో ఉంటే కొన్నిసార్లు ఎర్రర్ ఇస్తుంది, కొన్నిసార్లు ఎర్రర్ కూడా ఇవ్వకుండా సాఫీగా ఒక గీత గీసి ఊరుకుంటుంది. మా వాడికి సౌండ్ వచ్చాక కూడా మైకు రాలేదు, కారణం ఇదే. మ్యాక్‌లో కూడా 2018లో వచ్చిన మొహావీ నుంచి ఇలాంటి అనుమతే ఉంది, ప్రైవసీలో మైక్రోఫోన్ లిస్టులో మీ సాఫ్ట్‌వేర్ పక్కన ఆన్ ఉండాలి.

అన్నట్టు హెడ్‌సెట్ వైరు మీద ఉండే బుల్లి మ్యూట్ బటన్ చూశారా. చూడండి ఒకసారి.

సౌండ్ వస్తోంది గానీ తేడాగా వస్తోంది అనేవాళ్లకి ఇంకో మూడు నాలుగు సంగతులు ఉన్నాయి. సౌండ్ పేజీలో అడుగున మోర్ సౌండ్ సెట్టింగ్స్ నొక్కితే పాతకాలం చిన్న కిటికీ తెరుచుకుంటుంది, ప్లేబ్యాక్, రికార్డింగ్ అని ట్యాబులతో, నాకైతే ఇప్పటికీ అదే ఇష్టం. మీ వస్తువు మీద ప్రాపర్టీస్‌కి వెళ్లి అడ్వాన్స్‌డ్‌లో చూస్తే ఫార్మాట్ ఉంటుంది, 44100 అనో 48000 అనో, అంటే సెకనుకి సౌండ్‌ని ఎన్నిసార్లు కొలవాలో ఆ అంకె. అప్‌గ్రేడ్‌లో ఇది మారిపోతుంది, మీ సాఫ్ట్‌వేర్ 44100 అడుగుతూ విండోస్ 48000లో ఉంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు సర్దుకుంటాయి, కొన్ని మొరాయిస్తాయి, కొన్ని గొంతు సన్నగా లేదా బొంగురుగా చేస్తాయి. రెండుచోట్లా ఒకటే అంకె పెట్టండి, వీడియో వాళ్లు 48000, పాటలు సీడీ ఎక్కించేవాళ్లు 44100. క్యాసెట్లు, రికార్డు ప్లేయర్లు ఎక్కించే డబ్బాలకి ఇంకో జబ్బు ఉంది, విండోస్ వాటిని మైకు అనుకుని ఒకే ఛానల్ పెట్టేస్తుంది, అప్పుడు స్టీరియో పోయి రెండు చెవుల్లోనూ ఒకటే వస్తుంది. అదే చోట 2 ఛానల్ అని ఉన్నది ఎంచుకోవాలి. లెవెల్స్‌లో 100 ఉంటే దాన్ని కూడా తగ్గించి చూడండి, పగిలిపోతున్న సౌండ్ సగం దాంతోనే పోతుంది.

ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆఫ్ చేయండి. ఇది నేను గట్టిగా చెప్తా. మీటింగుల్లో మాట్లాడేవాళ్లకి నాయిస్ తీసేయడం బాగానే ఉంటుంది గానీ, హార్మోనియం శ్రుతి పట్టుకుని ఉంటే అది ఫ్యాను మోత లాంటిదే అనుకుని ఆ సాఫ్ట్‌వేర్ నొక్కేస్తుంది, పద్యం చివర రాగం లాగుతుంటే మధ్యలో మింగేస్తుంది. పాట, వాయిద్యం రికార్డ్ చేసేవాళ్లు విండోస్‌లోనూ, జూమ్ లాంటి వాటిలోనూ రెండుచోట్లా ఆపేయాలి.

ఎవరైనా ఫోన్ చేసినప్పుడో మీటింగ్ మొదలవగానేనో మిగతా సౌండ్ అంతా దిగిపోతోందంటే అది చెడిపోవడం కాదు, ఆ పాత కిటికీలోనే కమ్యూనికేషన్స్ ట్యాబులో మిగతా సౌండ్ 80 శాతం తగ్గించు అని ముందే టిక్ పెట్టి ఉంటుంది, డు నథింగ్ పెట్టేయండి. ఒక సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఇంకోదాంట్లో సౌండ్ ఆగిపోతోందంటే అడ్వాన్స్‌డ్‌లో ఎక్స్‌క్లూజివ్ కంట్రోల్ అనే టిక్కులు రెండుంటాయి, తీసేసి చూడండి.

ఇక వైర్ల సంగతి. యూఎస్‌బీలో ఆడియో వెళ్లే పద్ధతి పెన్‌డ్రైవ్ లాంటిది కాదు. పెన్‌డ్రైవ్‌లోకి సినిమా కాపీ చేస్తున్నప్పుడు మధ్యలో ఒక ముక్క పాడైతే మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది, మనకి తెలీను కూడా తెలీదు. ఆడియోకి ఆ సౌకర్యం లేదు, టైముకి వచ్చిందే వచ్చింది, రానిది పోయింది, రేడియోలో కామెంటరీ లాగా. అందుకే హబ్బులో పెన్‌డ్రైవ్, వెబ్‌క్యామ్, ప్రింటర్‌తో పాటు మైకు కూడా గుచ్చితే అన్నీ బానే ఉండి మైకు ఒక్కటే చిటపటలాడుతుంది. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టు వదిలేసి వెనకాల నేరుగా మదర్‌బోర్డుకి ఉన్న పోర్టులో పెట్టండి. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చే కరెంటు 500 మిల్లీయాంపులు, 3 పోర్టు 900, స్టూడియో మైకుకి 48 వోల్టులు పంపే డబ్బాలు ఈ కొంచెంలోనే ఈడ్చుకురావాలి, హబ్బులో నలుగురు పంచుకుంటే దానికి చాలదు. వైరు కూడా యూఎస్‌బీ 2కి 5 మీటర్లు దాటకూడదు, ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్ వేసి హాల్లోంచి గదిలోకి లాగినవాళ్లు ఆలోచించుకోండి. వైర్‌లెస్ హెడ్‌సెట్ బుల్లి రిసీవర్‌ని యూఎస్‌బీ 3 పోర్టు పక్కన పెడితే, పక్క పోర్టులో హార్డ్‌డిస్క్ తిరుగుతుంటే సౌండ్ తెగుతుంది, ఎందుకంటే యూఎస్‌బీ 3 సిగ్నల్ రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది, రిసీవర్ కూడా అక్కడే వింటుంది. జానెడు ఎక్స్‌టెన్షన్ వైరుతో దాన్ని పక్కకి జరిపితే చాలు.

గుయ్ మని ఒకే శ్రుతిలో మోత వస్తోందా, ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. మోత ఆగిపోతే అది ఓఎస్ పాపం కాదు, ఛార్జర్‌దో మీ ఇంటి ఎర్తింగ్‌దో పాపం. పాత ఇళ్లల్లో మూడో పిన్నుకి వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్ని పిలవండి, డ్రైవర్లు ముట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు డ్రైవర్ల దగ్గరికి వద్దాం, ఇక్కడ కాస్త నిదానంగా. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. సౌండ్, వీడియో అండ్ గేమ్ కంట్రోలర్స్ అనే వరస విప్పండి. మీ వస్తువు పక్కన పసుపు త్రికోణం ఉంటే దానిమీద డబుల్ క్లిక్ చేస్తే లోపల ఒక కోడ్ నంబర్ ఉంటుంది, ఆ నంబరే మనకి కావాల్సింది. 28 అంటే డ్రైవర్ అసలు లేదు. 22 అంటే ఎవరో డిసేబుల్ చేశారు, ఎనేబుల్ చేస్తే అయిపోయింది. 43 అంటే వస్తువే ఏదో ఇబ్బంది ఉందని చెప్పింది, ముందు వైరు, పోర్టు మార్చి చూడాలి, వేరే కంప్యూటర్లో కూడా అంతే అయితే అప్పుడు నిజంగా వస్తువు మీద అనుమానపడొచ్చు. 52 అంటే డ్రైవర్ మీద డిజిటల్ సంతకం సరిగ్గా లేదని విండోస్ ఒప్పుకోవట్లేదు. 10 అంటే డ్రైవర్ ఉంది గానీ మొదలవట్లేదు.

ఈ 10కి ఒక కథ ఉంది. 2025 జనవరి 14న వచ్చిన విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ వేసుకున్నాక, పాత యూఎస్‌బీ ఆడియో 1 పద్ధతి డ్రైవర్‌తో నడిచే డ్యాక్‌లు (కంప్యూటర్ అంకెల్ని వినపడే సౌండ్‌గా మార్చే డబ్బాలు) కొన్ని ఆగిపోయాయి, కోడ్ 10, సిస్టమ్‌లో తగినన్ని వనరులు లేవు అని వచ్చేది. 64 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లకి కూడా వనరులు లేవనే వచ్చింది. మైక్రోసాఫ్టే ఒప్పుకుని ఆ నెలాఖరులో వచ్చిన అప్‌డేట్‌లో సరిచేసింది. అందుకే చెప్తున్నా, వస్తువు ఆగిపోయిన తేదీ, అప్‌డేట్ హిస్టరీలో కనపడే తేదీ ఒకటే అయితే అనుమానం అటువైపు తిప్పండి. అప్‌డేట్ హిస్టరీ పేజీ అడుగునే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ కూడా ఉంటుంది, సెక్యూరిటీ అప్‌డేట్ తీసేసి నెలల తరబడి అలాగే ఉండిపోవడం మాత్రం వద్దు, తర్వాతది రాగానే వేసేయండి.

డ్రైవర్ ట్యాబులో ప్రొవైడర్ మైక్రోసాఫ్ట్, తేదీ 2006 జూన్ 21 అని కనపడితే కంగారు పడొద్దు, ఇరవై ఏళ్ల కిందటిదా అని నేనూ మొదట్లో దడుచుకున్నా. విండోస్‌తో పాటే వచ్చే డ్రైవర్లకి కావాలనే ఆ పాత తేదీ వేస్తారు, మీ కంపెనీ వాడు ఆ తర్వాత ఇచ్చిన డ్రైవర్ ఏదైనా సరే దానికంటే కొత్తదిగా కనపడాలని.

యూఎస్‌బీ ఆడియోలో రెండు తరాలు అనుకోండి. మొదటిది సెకనుకి 12 మెగాబిట్ల పాత వేగంలో నడిచే హెడ్‌సెట్లు, మామూలు మైకులు, వీటికి డ్రైవర్ దశాబ్దాలుగా విండోస్‌లోనే ఉంది, మనం ఏమీ వేయక్కర్లేదు. రెండోది 480 మెగాబిట్లలో నడిచే మంచి డ్యాక్‌లు, ఇంటర్‌ఫేస్‌లు (మైకు, వాయిద్యం కలిపే సౌండ్ డబ్బాలు), వీటికి విండోస్ సొంత డ్రైవర్ ఇచ్చింది 2017లో, 10లో 1703 వెర్షన్‌తో. అంతకుముందు కొన్నవాటికి కంపెనీ వాడి డ్రైవర్ సీడీనో సైటో తప్పనిసరి. పాత విండోస్ 7 నుంచి లాగించుకుంటూ వచ్చి ఒకేసారి 11కి దూకినవాళ్లకి ఆ పాత డ్రైవరే మెడకి చుట్టుకుంటుంది. పైగా 11లో 32 బిట్ వెర్షనే లేదు, 32 బిట్ డ్రైవర్ మాత్రమే ఇచ్చి వదిలేసిన వస్తువుకి ఆ డ్రైవర్ ఇంక జన్మలో ఎక్కదు.

చేయాల్సింది ఇది. ముందు మీ కంపెనీ సైట్‌కి వెళ్లి మీ మోడల్‌కి విండోస్ 11 డ్రైవర్ ఉందేమో చూసి దించి పక్కన పెట్టుకోండి, డ్రైవర్ సైట్ల పేరుతో కనపడే అడ్డమైన సైట్లలోంచి వద్దు, డ్రైవర్ అప్‌డేటర్ అని డబ్బులడిగే సాఫ్ట్‌వేర్లు అసలొద్దు. తర్వాత డివైస్ మేనేజర్లో వ్యూలోకి వెళ్లి షో హిడెన్ డివైసెస్ పెట్టండి, పాత పోర్టుల్లో పెట్టినప్పటి ఆనవాళ్లు వెలిసిపోయిన రంగులో కనపడతాయి. మీ వస్తువుకి సంబంధించినవి రైట్ క్లిక్, అన్‌ఇన్‌స్టాల్ డివైస్, డ్రైవర్ కూడా తీసేయమంటావా అని టిక్ ఉంటే పెట్టండి. వైరు పీకేయండి. రీస్టార్ట్. అప్పుడు కొత్త డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయండి, మధ్యలో ఇప్పుడు వైరు పెట్టు అని అది అడిగినప్పుడే పెట్టండి, ముందే గుచ్చితే విండోస్ తన సొంతది ఎక్కించేసుకుంటుంది.

సైట్‌లో 11కి ఏమీ లేదు, కంపెనీయే చేతులెత్తేసింది అంటే, అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, బ్రౌజ్ మై కంప్యూటర్, లెట్ మీ పిక్ అని వెళ్తే వచ్చే లిస్టులో యూఎస్‌బీ ఆడియో డివైస్ అని ఉందేమో చూడండి. ఉంటే అది ఎంచుకోండి. కంపెనీ వాడి రంగురంగుల కంట్రోల్ ప్యానెల్ ఉండదు, పాటల వాళ్లకి ఏసియో (ఆలస్యం తక్కువగా రికార్డ్ చేసే డ్రైవర్ పద్ధతి) ఉండదు, దానికి బదులు ఏసియో ఫర్ ఆల్ అని ఉచితంగా దొరికేదానితో సర్దుకోవాలి, కానీ మాట పలుకుతుంది, పాట పలుకుతుంది. నా క్యాసెట్ డబ్బా ఇప్పటికీ ఇలాగే నడుస్తోంది.

డ్రైవర్ ఉంది, 11 ఒప్పుకోవట్లేదు అంటే ఇంకో చోటు చూడాలి. విండోస్ సెక్యూరిటీ, డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసోలేషన్, మెమరీ ఇంటిగ్రిటీ. ఇది ఆన్‌లో ఉంటే పాత పద్ధతిలో రాసిన డ్రైవర్లని లోపలికి రానివ్వదు, ఏవి కుదరట్లేదో లిస్టు కూడా చూపిస్తుంది. దాన్ని ఆఫ్ చేస్తే పాత డబ్బా పలకొచ్చు. కానీ అది కంప్యూటర్‌ని కాపాడే తలుపు, అదే సిస్టమ్‌లో బ్యాంకు పనులు, జీఎస్టీ ఫైలింగ్ చేసుకునేవాళ్లు ఒక పాత సౌండ్ కార్డు కోసం తలుపు తీసిపెట్టడం నా దృష్టిలో తెలివితక్కువ పని. ఇక్కడ మాత్రం కొత్తది కొనుక్కోండి అనే చెప్తా.

మొదట బాగానే వచ్చి కాసేపటికి ఆగిపోతోంది, కదిపితే వస్తోంది అంటే కరెంటు పొదుపు. డివైస్ మేనేజర్లో అడుగున యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్‌లో, పొదుపు కోసం దీన్ని ఆపేయొచ్చు అనే టిక్ తీసేయండి. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్తే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ కూడా ఉంటుంది, డిసేబుల్. కొన్ని ల్యాప్‌టాపుల్లో ఇది కనపడదు, అప్పుడు పై టిక్కుతోనే సరిపెట్టుకోవాలి.

చిటపటలు, తెగిపోవడాలు ఇవన్నీ చేసినా ఉంటే మీ సాఫ్ట్‌వేర్ ఆడియో సెట్టింగ్స్‌లో బఫర్ పెంచండి, అంటే సౌండ్‌ని పంపేముందు కాస్త పోగేసుకునే జాగా. 48000 దగ్గర 128 బఫర్ అంటే మూడు మిల్లీసెకన్లు కూడా కాదు, 256 అంటే ఐదు పైచిలుకు, 512 అంటే పదిన్నర. పాడుతూ తన గొంతు తనే హెడ్‌ఫోన్లో వినేవాళ్లకి తక్కువ కావాలి గానీ క్యాసెట్ ఎక్కించేవాడికి, క్లాసు చెప్పేవాడికి 512 పెట్టుకుంటే ఏం నష్టం లేదు. లేటెన్సీమాన్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఐదు నిమిషాలు నడిపితే ఏ డ్రైవర్ మధ్యలో అడ్డుపడుతోందో పేరుతో చెప్తుంది. చాలాసార్లు దొంగ వైఫై డ్రైవరో గ్రాఫిక్స్ డ్రైవరో అవుతుంది, సౌండ్ కార్డు పాపం ఊరికే మాటపడుతుంది. రికార్డింగ్ చేసే గంటసేపు వైఫై ఆపేసి చూడండి, తేడా తెలిసిపోతుంది.

లైనక్స్ వాళ్లకి రెండు ముక్కలు. ఉబుంటు 22.04 నుంచి 24.04కి మారితే సౌండ్ వ్యవహారం చూసే సర్వరే మారిపోతుంది, పల్స్ ఆడియో పోయి పైప్‌వైర్ వస్తుంది, 22.10 నుంచే మార్చారు. పాతదానికి మీరు రాసుకున్న కాన్ఫిగ్ ఫైళ్లు కొత్తదాంట్లో పనిచేస్తాయని అనుకోవద్దు. పావుకంట్రోల్ ఇన్‌స్టాల్ చేసి కాన్ఫిగరేషన్ ట్యాబులో మీ కార్డుకి ప్రొఫైల్ ఆఫ్‌లో ఉందేమో చూడండి, తర్వాత ఆల్సామిక్సర్ తెరిచి ఎఫ్6 నొక్కి కార్డు మార్చి, ఛానల్ కింద రెండు ఎమ్‌లు ఉంటే మ్యూట్‌లో ఉన్నట్టు, ఎమ్ నొక్కితే పోతుంది.

ఇవేవీ కుదరక, రేపు పొద్దున క్లాసో రికార్డింగో ఉంది అంటే వెనక్కి వెళ్లే దారి ఒకటుంది. అప్‌గ్రేడ్ చేసిన 10 రోజుల్లోపు సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ అని ఉంటుంది, ఫైళ్లు పోవు, కానీ అప్‌గ్రేడ్ తర్వాత వేసిన సాఫ్ట్‌వేర్లు పోతాయి, ముందు బ్యాకప్ తీసుకోండి. 10 రోజులు దాటితే పాత విండోస్ ఫోల్డర్‌ని సిస్టమే తుడిచేస్తుంది. సీ డ్రైవ్ నిండిపోయిందని డిస్క్ క్లీనప్ కొట్టి ఆ ఫోల్డర్‌ని మీరే తీసేసి ఉంటే ఆ బటన్ పనిచేయదు, అదొకటి గుర్తుపెట్టుకోండి.

ఇంకా అప్‌గ్రేడ్ చేయనివాళ్లు, చేసేముందు ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసి పెట్టుకోండి. సౌండ్ పేజీలో అవుట్‌పుట్ ఇన్‌పుట్ లిస్టులు, అడ్వాన్స్‌డ్‌లో ఫార్మాట్, డివైస్ మేనేజర్లో డ్రైవర్ ట్యాబు, మీరు వాడే సాఫ్ట్‌వేర్లో ఆడియో సెట్టింగ్స్. మా మేనల్లుడు ఇప్పుడు నా మాట పట్టుకుని పాత లేబుళ్లు, ఫొటోలు అన్నీ నాకే వాట్సాప్ చేసి దాచమంటున్నాడు. నేను ఆ కుక్కర్ విజిల్స్ ఉన్న క్యాసెట్ సైడు ఇంకోసారి ఎక్కిస్తున్నా, ఈసారి వెబ్‌క్యామ్ వైరు పీకేసి, వంటింట్లో మా ఆవిడని అడిగి మరీ.